నోరున్న మొక్కకే నీళ్లు

ఫాల్గుణం సగమయ్యేసరికి హైదరాబాదులో మూడు పనులు ఒక్కసారే మీద పడతాయి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి, ఏడాదంతా ఎవరూ అడగని లెక్కలన్నీ ఆఫీసులో అప్పుడే అడుగుతారు. మిద్దె మీద ఎండ ముదురుతుంది. ఫోనులో తోటల గ్రూపులు నిద్రలేస్తాయి. ఉద్యోగం, తోట, ఎన్నడూ ఎదురుపడని స్నేహితులు: ఈ మూడింటినీ ఒక్క మనిషి ఎలా లాక్కురావాలి? తెల్లారగట్ల లేవమని కొందరంటారు. పట్టిక రాసుకోమని ఇంకొందరంటారు. ఫోను పక్కన పడెయ్యమనే కఠినాత్ములు కూడా ఉన్నారు. ఇవన్నీ పనిలేనివాళ్ల మాటలు. పనున్నవాళ్లకు అక్కరకొచ్చే సూత్రం ఒక్కటే: దేనికి నోరుందో దాని పని ముందు చెయ్యండి.

మేనేజరుకు నోరుంది. ఫోనుకు నోరుంది, పైగా అది వణుకుతుంది కూడా. వంకాయ మొక్కకు నోరు లేదు. చచ్చిపోయేటప్పుడు కూడా చప్పుడు చెయ్యదు, కాబట్టి దాని వంతు ఆఖర్న. ఈ సూత్రం పట్టుకుంటే ఎండాకాలం ఇట్టే గడిచిపోతుంది. తోట అంతకన్నా ముందే గడిచిపోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం వెయ్యాలి

వేసవి కూరగాయలకు జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో విత్తనం పడాలని తెలిసినవాళ్లు చెబుతారు. ఎండ ముదిరేలోగా మొక్క వేరు తన్నుతుందని వాళ్ల లెక్క. మీరు ఆ తొందర పడొద్దు. జనవరిలో మీకు తీరిక ఉంటుంది, తీరికగా చేసిన పని గురించి ఎవరితో ఏం చెప్పుకుంటారు? మార్చి ఆఖరి వారం దాకా ఆగండి. అప్పటికి సెల్ఫ్ అప్రైజల్ ఫారం కూడా తెరుచుకుని ఉంటుంది. 'ఈ ఏడాది నేను సాధించినవి' అనే గడి ముందు పది నిమిషాలు కూర్చున్న మనిషికి వ్యవసాయం మీద మనసు పోకుండా ఉండదు. ఆ ఊపు మీదే నలభై గ్రో బ్యాగులు ఆర్డరు పెట్టేయండి. నల్లవే తీసుకోండి. నలుపు ఎండను బాగా పీల్చుకుంటుంది, లోపల వేళ్లు ఉడికిపోతాయి అని ఎవరైనా అంటే, తెల్లవి ఫొటోలో మాసిపోయినట్టు కనిపిస్తాయని చెప్పండి.

ఇక మట్టి. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి, సంచికి గుప్పెడు వేపపిండి వెయ్యాలన్నది అందరికీ తెలిసిన పద్ధతి. కానీ ఎర్రమట్టిని ఐదో అంతస్తు దాకా మొయ్యాలి. లిఫ్టులో మట్టి పోసినందుకు అసోసియేషన్ సెక్రటరీ గ్రూపులో ఫొటో పెడతాడు. ఆయనకు నోరుంది. కోకోపీట్ ఇటుకలైతే కూరల సంచిలో వచ్చేస్తాయి, కాబట్టి మొత్తం అదే నింపండి. అందులో మొక్క తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. పూర్తిగా ఎండిన తర్వాత పోసిన నీళ్లు పక్కల నుంచి జారి అడుగున కారిపోతాయి. అలా కారిన నీళ్లను చూసి, సంచి నిండా తడిసిందనుకుని మీరు దిగిపోవచ్చు. ఎంత సమయం కలిసొచ్చిందో చూడండి.

విత్తనాల్లో కొత్తిమీర, పాలకూర, క్యారెట్, కాలీఫ్లవర్ ఎంచుకోండి. నాలుగూ చల్లదనం కోరేవే. తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు జోలికి మాత్రం పోవద్దు. అవి మన ఎండను లెక్కచెయ్యవు, మీరు పట్టించుకున్నా లేకపోయినా కాసేస్తాయి. అలా కాసే మొక్క గురించి గ్రూపులో ఏమని అడుగుతారు? సలహా అక్కర్లేని మొక్క వల్ల స్నేహాలు పెరగవు. అదే కొత్తిమీరనుకోండి, జానెడన్నా ఎదగకుండానే సన్నగా సాగి పూతకొస్తుంది. 'ఎందుకిలా అవుతోంది ఫ్రెండ్స్?' అని ఒక్క మాట అడగండి, సాయంత్రానికి ఊరంతా మీ చుట్టాలే.

పుస్తకాలు కూడా ఉండాలి. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు పక్కన నారపల్లిలో తన ఇంటి మీద ఏళ్ల తరబడి కూరగాయలు పండించారు, మిద్దెతోట అనే మాటను తెలుగునాట ఇంటింటికీ చేర్చారు. ఆయన పుస్తకం తప్పకుండా కొనండి. గ్రో బ్యాగు పక్కన పెట్టి ఫొటో తీసి, మళ్లీ దుమ్ము పడకుండా లోపల పెట్టండి. చదవడం మొదలుపెడితే సగం సలహాలు అడగాల్సిన పనే ఉండదు, అప్పుడు గ్రూపులో మీరెందుకు?

నీళ్లు పోసే వేళ

మొక్కలకు పొద్దున్నే నీళ్లు పొయ్యాలి, లేదంటే సాయంత్రం చల్లబడ్డాక. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిక్కేమిటంటే ఆ రెండు వేళలూ మనవి కావు.

పొద్దున ఆరున్నర న్యూజెర్సీలో ఉన్న మీ స్నేహితురాలిది. ఇక్కడ ఆరున్నర అంటే ఈ రోజుల్లో అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది. పిల్లలు పడుకుని, అంట్లు తోముకుని, ఆమె ఫోను చేతిలోకి తీసుకునే వేళ. తన బేస్‌మెంటులో లైట్ల కింద పెంచుతున్న నారు ఫొటోలు అప్పుడే వస్తాయి. 'ఏమే, లేచావా?' అని అడిగే స్నేహితురాలిని వదిలి, ఏమీ అడగని బీరతీగ దగ్గరికి ఎలా వెళ్తారు?

సాయంత్రం ఆరున్నర క్లయింటుది. దీని వెనక ఒక పెద్ద చరిత్రే ఉంది, చెబుతాను. ఈ రెండూ పోగా తోటకు మిగిలేది లంచ్ బ్రేకు. మధ్యాహ్నం ఒంటిగంట. ట్యాంకు నీళ్లు అప్పటికే కాగి ఉంటాయి. ఎండలో చుట్టచుట్టి పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లయితే చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. అవి పారబోసి, చల్లనివి వచ్చాక పట్టుకోవచ్చు. కానీ లంచ్ బ్రేకు ఎంతసేపని? నేరుగా మొదళ్లలోకే వదిలేయండి.

సొర, బీర, గుమ్మడి ఆకులు మిట్టమధ్యాహ్నం తలలు వాల్చేస్తాయి. మట్టిలో తడి ఉన్నా సరే, ఎండ తట్టుకోలేక వాలుస్తాయి, సాయంత్రానికి వాటంతటవే లేచి నిలబడతాయి. ఇది తెలిసినవాళ్లు వేలు మట్టిలో గుచ్చి చూసి, తడి తగిలితే ఊరుకుంటారు. మీరు వేలు గుచ్చొద్దు, గోళ్లలో మట్టి ఇరుక్కుంటే కీబోర్డు మీద పడుతుంది. వాలిన ప్రతి మొక్కకూ బకెట్టు పొయ్యండి. ఆకు పసుపుబారితే ఇంకో బకెట్టు. వేళ్లు కుళ్లి ఆకు పసుపుబారినా మందు అదే. ఏప్రిల్లో బోరు ఎండి, ట్యాంకరు డబ్బులు ఇంటింటికీ పంచినప్పుడు మీ వాటా గురించి కింది ఫ్లాటు వాళ్లు గొంతు పెంచుతారు. అప్పుడు వెంటనే తగ్గించండి. మొక్క అడగలేదు, వాళ్లు అడిగారు.

అమెరికా గడియారం, మన సొరపువ్వు

మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. మన దేశానికి ఆ గొడవే లేదు. కానీ న్యూయార్కు టైములో పొద్దున తొమ్మిదికి పెట్టిన స్టాండప్ కాల్, అప్పటిదాకా మనకు రాత్రి ఏడున్నరకు వచ్చేది కాస్తా ఆ సోమవారం నుంచి సాయంత్రం ఆరున్నరకు వచ్చి కూర్చుంటుంది. నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడే కూర్చుంటుంది. గంట ముందు పని అయిపోతుందని అందరూ సంబరపడతారు. మిద్దెతోట ఉన్నవాళ్లు మాత్రం గతుక్కుమంటారు.

ఎందుకంటే సొరపువ్వు పొద్దువాలే వేళకే విచ్చుకుంటుంది. బీర కూడా అంతే. ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, రెండూ చీకటిపడే ముందు తెరుచుకుని రాత్రి తిరిగే పురుగుల కోసం చూస్తుంటాయి. ఊళ్లో పాదు మీదైతే ఆ పని వాటంతట అవే చక్కబెట్టుకుంటాయి. చుట్టూ సిమెంటు, లైట్లు ఉన్న ఐదో అంతస్తుకు ఎన్ని పురుగులొస్తాయి? అందుకని మనిషే ఎక్కి మగపువ్వు ఒకటి కోసి, రేకలు ఒలిచి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాలూ క్లయింటు 'గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్' అనే వేళకే పడతాయి. మర్నాడు పొద్దెక్కేసరికి పువ్వు వాడిపోతుంది, దాని వెనకున్న పిందె నాలుగు రోజుల్లో పసుపుబారి రాలిపోతుంది.

దీనికి పరిష్కారం ఉంది. చెవిలో బ్లూటూత్ పెట్టుకుని, మ్యూట్‌లో ఉంచి, లాప్‌టాప్ ఇంట్లోనే వదిలి మిద్దెక్కండి. పై అంతస్తు మెట్ల దగ్గరికొచ్చేసరికి బ్లూటూత్ తెగిపోతుంది. అది తెగిందని మీకు తెలియదు, నిశ్శబ్దాన్ని చూసి కాల్ ప్రశాంతంగా సాగుతోందనుకుంటారు. మీరు పువ్వు పట్టుకున్న సమయానికి కింద మీ పేరు మూడుసార్లు పిలిచి ఉంటారు. గాబరాగా దిగొచ్చి 'సారీ, నెట్‌వర్క్ ఇష్యూ' అనండి. వేళ్లకు అంటిన పుప్పొడిని చొక్కాకు తుడుచుకోండి, కెమెరా ఆన్ చెయ్యమంటే మాత్రం కాలరు కొంచెం సర్దుకోవాలి.

ఇంకా తేలికైన దారి కూడా ఉంది. ఏది మగపువ్వో ఏది ఆడపువ్వో అసలు చూడకండి. తీగకు మొదట వచ్చే పూలన్నీ సాధారణంగా మగవే, ఎండా పగలూ పెరిగేకొద్దీ అవే ఇంకా ఎక్కువవుతాయి. ఆడపువ్వైతే కాడ దగ్గర వేలెడు పిందె ముందే ఉంటుంది, కళ్లు పెట్టి చూస్తే చాలు. చూడొద్దు. మొదటి మగపువ్వు విచ్చుకోగానే దగ్గర్నుంచి ఫొటో తీసి 'మా సొర కాపుకొచ్చింది' అని పెట్టేయండి. చప్పట్లు, దండాలు, లడ్డూలు వరసగా వస్తాయి. ఆ సందట్లో సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన, పదిరోజులకోసారి కూడా నోరు విప్పనివాడు, 'అమ్మా, పువ్వు వెనక పిందె లేదు చూడండి. అది మగపువ్వు. ఆడది వచ్చినప్పుడు సాయంత్రం పూట అద్దుకోవాలి' అని రాస్తాడు. దానికి జవాబివ్వకండి. ఆయన మళ్లీ అడగడు. అడగనివాళ్లకు జవాబిస్తూ కూర్చుంటే లడ్డూలు పెట్టినవాళ్లందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పేదెప్పుడు?

దూరపు స్నేహాలు, దూరపు సలహాలు

న్యూజెర్సీ స్నేహితురాలి మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించండి. ఆమెకు ఏప్రిల్లో కూడా మంచు పడే భయముంటుంది, అందుకే మే నెల మధ్యదాకా నారును బయట నాటదు. ఎండ కోసం ముఖం వాచిన చోటు అది. టమాటాకు రోజంతా నిండు ఎండ కావాలంటుంది, అక్కడికి అది నిజమే. మీరు ఆ మాటను హైదరాబాదు ఏప్రిల్‌కు దించండి. ఎండ 35 డిగ్రీలు దాటితేనే టమాటా పూత నిలవక రాలడం మొదలవుతుంది, మనకు 40 దాకా పోతుంది. యాభై శాతం షేడ్ నెట్ కడితే కొంత కాపాడుకోవచ్చు. కానీ కడితే స్నేహితురాలి సలహా కాదన్నట్టవుతుంది. సంచులన్నీ తీసుకెళ్లి నడిమిద్దె మీద, నీడ పడని చోట పెట్టండి. పూత రాలిన ఫొటో పంపండి. ఆమె 'ఎండ చాలడం లేదేమో' అంటుంది. పిట్టగోడ ఎక్కించండి.

రుణం ఉంచుకోకూడదు కాబట్టి మీరూ ఆమెకు సలహాలివ్వండి. 'గోంగూరకేముందే, గింజలు చల్లేసెయ్, అదే వస్తుంది' అని మార్చి నెలలో చెప్పండి. ఆమె చల్లుతుంది. మంచు పడుతుంది. రెండు దేశాల్లో రెండు తోటలు ఒకే సమయంలో పోతే ఆ స్నేహానికి ఇక తిరుగులేదు.

కరివేపాకు గింజలు పంపుతానని కూడా మాటివ్వండి. చెట్టు నుంచి రాలిన పండు గింజ కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. పైగా అమెరికాలోకి విత్తనాలు పంపాలంటే అనుమతులు కావాలి. పచ్చి కరివేపాకైతే సామాన్లలో తీసుకెళ్లనివ్వరు, నిమ్మజాతి తోటలకు తెగులు మోసుకొచ్చే పురుగు ఆ ఆకుల మీద ఉంటుందని ఎయిర్‌పోర్టులోనే తీసి పారేస్తారు. ఇవన్నీ ఆమెకు మీకన్నా బాగా తెలుసు. అయినా మాటివ్వండి. ఇచ్చిన మాట గురించే ఏడాదంతా మాట్లాడుకోవచ్చు.

ఇక స్థానిక గ్రూపులు. ఒక వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. ఒక్క గ్రూపులో చేరితే అంతమందే స్నేహితులు, కాబట్టి ఐదారింటిలో చేరండి. అన్నింటిలోనూ దాదాపు ఒకే జనం ఉంటారు, కానీ శుభోదయం విడివిడిగా చెప్పాలి.

ఈ గ్రూపులన్నింటికీ ప్రాణం పోసే ప్రశ్న ఒకటుంది: మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి, ఏం చెయ్యాలి? మిరప రైతునడిగితే ముడత పైకా కిందికా అని మొదట అడుగుతాడు. ఆకు అంచులు పైకి లేచి దొప్పలా ముడుచుకుంటే పైముడత, అది తామరపురుగు పని. కిందికి ముడుచుకుని కాడ సాగితే కిందిముడత, అది నల్లి పని. రెండూ ఆకు అడుగునే ఉంటాయి, తిప్పి చూస్తే కనబడతాయి. మీరు తిప్పొద్దు. రెండు గజాల దూరం నుంచి మొక్క మొత్తాన్ని ఫొటో తీసి పెట్టండి. వేపనూనె అని ఒకరు, పుల్లమజ్జిగ అని ఒకరు, బూడిద అని ఒకరు, ఎప్సమ్ సాల్ట్ అని ఒకరు, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం అని ఇంకొకరు రాస్తారు. ఎవరి మాట కాదంటే వాళ్లకు కోపం. అందుకని అన్నీ ఒకే రోజు, మీకు కుదిరేది అప్పుడే కాబట్టి ఒంటిగంటకు, కొట్టేయండి. వేపనూనె పడిన ఆకు ఆ ఎండకు మాడుతుంది. మాడిన ఆకు ముడుచుకోదు, సమస్య తీరినట్టే.

ఎవరో ఒకరు జీవామృతం మాట తెస్తారు. పది కిలోల ఆవుపేడ, పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు. ఎకరం పొలానికని చెప్పిన కొలత అది. నలభై సంచులకు దాన్ని తగ్గించుకోవాలంటే లెక్కలు వెయ్యాలి, లెక్కలన్నీ మార్చి 31కే అయిపోయాయి కదా. డ్రమ్ము నిండా కలిపేయండి. రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి, మీరు కాల్స్‌లో ఉంటారు కాబట్టి తిప్పరు. రెండోరోజు పక్కింటి పిన్నిగారు తలుపు తడతారు. ఆవిడకు నోరుంది. మిగిలిన 190 లీటర్లూ ఆ రాత్రే డ్రైనేజీలో కలుస్తాయి.

ఉద్యోగాన్ని నిలబెట్టుకోవడం

టీమ్స్‌లో మీ పేరు పక్కన పచ్చచుక్క ఉన్నంతకాలం మీరు పనిచేస్తున్నట్టే. మౌస్ ఐదు నిమిషాలు కదలకపోతే అది పసుపుబారుతుంది. దాన్ని పచ్చగా ఉంచడానికి ముల్లు తిరిగే చేతిగడియారం మీద మౌస్ పెట్టి వెళ్లిపోయేవాళ్లున్నారు. మిద్దె మీద ఏది పసుపుబారినా ఫరవాలేదు గానీ ఇది మాత్రం బారకూడదు.

క్లయింటుతో కూడా తోట స్నేహం చెయ్యండి. ఒహాయోలో ఆయన పెరట్లోనూ టమాటాలుంటాయి. ఒకరోజు స్టాండప్‌లో ఆ మాట కదిపితే పావుగంట కాల్ ముప్పావుగంట అవుతుంది, టీములో తక్కినవాళ్లు మిమ్మల్ని ఎన్నటికీ మరిచిపోరు. తర్వాత ఆయన ఫేస్‌బుక్‌లో మీకు స్నేహితుడవుతాడు. జ్వరమని సెలవు పెట్టిన రోజున మీరు గ్రో బ్యాగుల మధ్య నవ్వుతూ నిలబడిన ఫొటోకు మొదటి లైకు ఆయనదే ఉంటుంది, రెండోది మేనేజరుది. అప్రైజల్లో 'పని, వ్యక్తిగత జీవితం మధ్య సమతూకం' అన్న గడిలో మీకు మంచి మార్కులు పడొచ్చు. మిగతా గడుల సంగతి మనం మాట్లాడుకోవద్దు.

కోత

మే నెల వచ్చేసరికి 'మేడమ్, హార్వెస్ట్ ఫొటోలు పెట్టలేదేం?' అని గ్రూపులు అడగడం మొదలుపెడతాయి. అందరికీ నోళ్లే. అప్పుడు మీ మిద్దె మీద నల్ల సంచులు, వాటిలో ఎండిన కోకోపీట్, ఎవరూ వెయ్యకుండానే మొలిచిన తోటకూర మొక్క ఒకటి ఉంటాయి. అది ఏపుగానే ఉంటుంది, కానీ దాన్ని ఫొటో తియ్యొద్దు, మీరు వెయ్యలేదని పెద్దాయన కనిపెట్టేస్తాడు.

ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లండి. అంటే న్యూజెర్సీకి 'ఇప్పుడే కోతకు వెళ్తున్నా' అని చెప్పి వెళ్లండి. లేత బీరకాయలు కిలో, ఒక నిటారు సొరకాయ తీసుకోండి. తొడిమలు పొడుగ్గా ఉన్నవే ఏరుకోండి. ఏరుతుంటే కూరల ఆమె విసుక్కుంటుంది, ఫొటోకని చెబితే ఇంకా విసుక్కుంటుంది. మిద్దె మీదికి తెచ్చి నీళ్లు చల్లి, ఎండిపోయిన తీగకే కట్టండి. దారం ఆకుపచ్చది వాడండి, తెల్లదైతే పెద్దది చేసి చూసినప్పుడు ముడి కనిపిస్తుంది.